మీటరు మోసుకు తిరిగిన మనిషి

ఎవరింటికైనా వెళ్ళినప్పుడు వాళ్ళు మర్యాదకు ఫ్యాను వేస్తే నాకు వెంటనే ఒక మనిషి గుర్తొస్తాడు. చెయ్యి దానంతటదే జేబులో చిల్లర తడుముకుంటుంది. ఇది జబ్బే. అంటించినవాడు పోయిన నెల పోయాడు.

త్రిపురారం నుంచి కార్డొచ్చింది. "మీటరాయన పోయిండు. నీకు చెప్పమన్నది ఆయన భార్య." అంతే రాసి ఉంది. పేరు రాయలేదు. రాసినా ఎవరో అనుకునేవాణ్ణేమో! పదేళ్ళకు పైగా ఎరిగిన మనిషిని ఊరందరితోపాటు నేనూ మీటరాయనే అన్నాను కానీ ఒక్కనాడూ పేరడిగిన పాపాన పోలేదు.

నేను కరెంటు లైన్‌మన్‌ని. సూర్యాపేట నుంచి కోదాడ దాకా పోయే రోడ్డు పక్కన ఏ ఇంట్లో ఎన్ని బల్బులున్నాయో, వాటిలో ఎన్నింటికి బిల్లు కడుతున్నారో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పెళ్ళయితే కొండి, దావతయితే కొండి. కొండి అంటే తెలియని పుణ్యాత్ముల కోసం చెబుతున్నా: వెదురుకర్ర చివర వంకర తీగ కట్టి పైన పోయే లైనుకు తగిలించడం. తగిలించినవాడు ఊళ్ళో పెద్దమనిషే అయి ఉంటాడు. నన్ను చూస్తే జంకడు సరికదా, "రా సారూ, బువ్వ తిని పో" అని ఆ కొండి వెలుతుర్లోనే విస్తరేయిస్తాడు. నేనూ తిన్నాను. అబద్ధమెందుకు?

ఎనభైల నడుమ అలాంటి రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం మునగాలలో స్తంభం మీద ఉండగా కింద నుంచి పిలుపు వినిపించింది.

"తమ్మీ, గీడ బండి వెట్టుకుంట. జర కరెంటు గావాలె. పైసలు ఎవరికియ్యాలె?"

నాకు కాలు జారినంత పనైంది. నా సర్వీసులో ఆ ప్రశ్న అడిగినవాడు అంతకుముందు లేడు.

దిగి చూశాను. పొట్టి మనిషి. బనీను, మోకాళ్ళ దాకా ఖాకీ లాగు, చెవి మీద పెన్సిలు. వెనకాల ఒక పాత వ్యాను. ఒకప్పుడది రొట్టెల వ్యాను కాబోలు, పక్కన వెలిసిపోయిన రొట్టె బొమ్మ ఇంకా ఉంది. ముందు సగం సంసారం: ఒక మంచం, ఒక కిరసనాయిలు స్టవ్వు, మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతున్న ఆయన భార్య. వెనక సగం వ్యాపారం: చెక్కతో చేసిన ఒక పెద్ద పెట్టె. లోపల బల్బులు, నీళ్ళ పళ్ళేలు, అరల నిండా గుడ్లు.

గుడ్లు పొదిగించడం ఆయన వృత్తి. కోడి పొదుగుకు కూర్చుంటే గుడ్లు పెట్టడం మానేస్తుంది కదా. గుడ్లు ఈయనకిచ్చేస్తే కోడి మళ్ళీ గుడ్ల పనిలో పడుతుంది, పిల్లల సంగతి పెట్టె చూసుకుంటుంది. ఇరవై ఒక్క రోజులు ఒక ఊళ్ళో మకాం. పది పిల్లలు లేస్తే ఒక పిల్ల ఆయన కూలి. పిల్లల్ని ఆడవాళ్ళకు అప్పజెప్పి బండి కదిలేది. మునగాల అయ్యాక పెన్‌పహాడ్, ఆ తర్వాత మిర్యాలగూడ మీదుగా త్రిపురారం, మళ్ళీ ఏడాదికి మునగాల.

సరే, ఆఫీసుకు తీసుకుపోయాను. తాత్కాలిక కనెక్షన్‌కు ఒక ఫారం ఉంది. మా గుమస్తా పెన్ను తీసి, "ఇంటి నంబరు?" అన్నాడు.

"ఇంటికి చక్రాలున్నయ్ సారూ."

"నంబరు లేని ఇంటికి కరెంటియ్యరు."

"నంబరు లేదని ఎవలన్నరు? ముందొకటి, ఎనకొకటి, రెండున్నయ్. మీ ఇంటికి ఎన్నున్నయ్?"

గుమస్తా ఫారం మడిచి సొరుగులో పెట్టేశాడు. ఇక మిగిలింది ఒకటే దారి, ఎవరింట్లోంచైనా తీగ లాక్కోవడం. రోడ్డు మీద లారీలవాళ్ళకు మజ్జిగ అమ్మే సైదమ్మ అనే ముసలామె ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు, వాకిలి మాత్రం విశాలం. ఆమె ఒప్పుకుంది. "వాడుకో కొడుకా, నా ఒక్క బుగ్గకు ఎంత గాలుతది?" అంది. బుగ్గ అంటే బల్బు.

"గట్లెట్ల?" అన్నాడాయన. వ్యానులోకి పోయి ఒక చెక్కపెట్టె మోసుకొచ్చాడు. అందులో కరెంటు మీటరు! పట్నంలో పాతసామాను బజారులో కొన్నాడట. దాన్ని సైదమ్మ ఇంటికీ వ్యానుకూ మధ్య బిగించాడు. అది సరిగ్గా తిరుగుతుందో లేదో చూడమని నా ప్రాణం తీశాడు. నూరు వాట్ల బల్బు పది గంటలు వెలిగించి చూశాను. కొంచెం తొందరగా తిరుగుతోంది.

"నీకే నష్టం అన్నా, యూనిట్లు ఎక్కువ చూపిస్తోంది" అన్నాను.

"ఫరవాలె. ఇంకోనికి నష్టమైతే బాగుచేయాలె గని, నాకైతే ఏముంది" అన్నాడు, ఏదో లాటరీ తగిలినంత సంతోషంగా.

రోజూ పొద్దునా సాయంత్రం రీడింగు. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, వంగి, ఒక కన్ను మూసి చూసేవాడు. చెవి మీది పెన్సిలు తీసి నోటుబుక్కులో రాసేవాడు. తర్వాత సైదమ్మను కేకేసేవాడు.

"అవ్వా, వచ్చి సూడు."

"నాకు అంకెలొస్తయారా? నువ్వే సెప్పు."

"నేను సెప్తే ఎట్ల? నీ కండ్లతోని నువ్వు సూడాలె."

సైదమ్మకు అంకెలు రావు. అయితే నేర్పేస్తానన్నాడు. ఆ ఇరవై ఒక్క రోజుల్లో మజ్జిగ కుండ మీద సుద్దముక్కతో రాసి సున్న నుంచి తొమ్మిది దాకా నేర్పేశాడు కూడా. అరవై దాటిన మనిషి ఆ మీటరు ముందు వంగి, "రొండు, ఏడు, మల్ల ఏడు" అని కూడబలుక్కుని చదువుతుంటే లారీ డ్రైవర్లు మజ్జిగ తాగడం ఆపి చూసేవాళ్ళు. అయితే ఆ చదువు నా నెత్తికే చుట్టుకుంది. అంకెలొచ్చిన సైదమ్మ మొట్టమొదట పట్టుకున్న దొంగ నేనే. ఎండకు బద్ధకించి, మీటరు చూడకుండా రోడ్డు మీద నిలబడే రీడింగు రాసేవాణ్ణి లెండి. "సారూ, గీడ ఆరున్నది, నువ్వు తొమ్మిది రాసినవేంది?" అని నలుగురిలో నిలదీసింది. తలెత్తుకోలేకపోయాను. ఆ మీటరాయన మీద ఒళ్ళు మండిపోయింది.

"గింత లెక్కెందుకన్నా, లోకమంతా కొండ్లేస్తుంటే?" అని ఒకరోజు అడిగేశాను.

"పుక్కట్ల కరెంటుతోని లేసిన పిల్ల దొంగకూత కూస్తది తమ్మీ" అన్నాడు.

దొంగకూత ఎలా ఉంటుందని అడిగితే, మునగాలలో సగం కోళ్ళవి వింటూనే ఉన్నావు కదా అన్నాడు.

మా క్వార్టరుకు చాయ్‌కి పిలిచాను. ఎండాకాలం. నా భార్య టేబులు ఫ్యాను వేసింది. తాగి వెళ్ళిపోయాక చూస్తే సాసరు కింద చారానా బిళ్ళ, అంటే పావలా. నా భార్యకు కోపం నషాళానికంటింది. ఆ బిళ్ళ పట్టుకుని వ్యాను దాకా నడిచింది.

"మేమేమన్న హోటలు వెట్టుకున్నమా అన్నా? చాయ్‌కి పైసలిస్తవా?"

"అయ్యో, చాయ్‌కి గాదమ్మా! చాయ్ నీ ప్రేమ. దానికెవడు రేటు గట్టగలడు? ఫ్యాను సర్కారుది."

వ్యాను లోపల నుంచి ఆయన భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమెది కోదాడ అవతల ఊరు. "పట్టించుకోకండి వదినా. ఈయనతో పన్నెండేళ్ళుగా వేగుతున్నా. మా పెళ్ళిలో వేసిన లైట్లకి మా నాన్న బిల్లు కట్టాడా లేదా అని అడిగి, కట్టాకే తాళి కట్టారు" అంది.

నిజమో, మొగుణ్ణి ఆటపట్టించడానికి అందో తెలియదు. ఆయన మాత్రం కాదనలేదు.

ఇక అసలు సంగతికొస్తాను. ఆయన మూడోసారి మునగాల వచ్చినప్పుడు జరిగింది. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది కానీ ఆ రోజు రాలేదు.

దొంగ కరెంటు పట్టుకునే స్క్వాడు జీపు సూర్యాపేటలో బయల్దేరిందని కబురు ముందే వచ్చేసింది. జీపు వచ్చేలోగా కొండ్లన్నీ దిగిపోయాయి. వెదురుకర్రలన్నీ చిక్కుడుపాదులకు ఊతాలైపోయాయి. స్క్వాడు ఇంజినీరు వీధి వీధీ తిరిగాడు. ఒక్క కేసూ దొరకలేదు. ముఖం కందగడ్డయింది. అలాంటి మనిషికి మన మహానుభావుడు ఎదురెళ్ళి చేతులు జోడించాడు.

"రండ్రి సారూ, ఎండల వడి వచ్చిండ్రు. జర కూసోండ్రి. మా లెక్క గూడ సూడుండ్రి."

ఇంజినీరు వెనక నిలబడి వద్దు వద్దని కళ్ళతో సైగ చేశాను.

"ఏంది తమ్మీ, కంట్ల నలుసు వడ్డదా?" అన్నాడు పైకే.

ఇంజినీరును కుర్చీలో కూర్చోబెట్టి, వ్యానులోంచి చిన్న ఫ్యాను తెచ్చి ముఖానికి పెట్టి, నోటుబుక్కు చేతికిచ్చాడు. మూడేళ్ళ లెక్క. ఏ రోజు ఎన్ని యూనిట్లు, సైదమ్మకు ఎంత ఇచ్చిందీ పైసలతో సహా. కింద ఆమె వేలిముద్ర. ఇంజినీరు పేజీలు తిప్పుతుంటే, ఇక మెచ్చుకుంటాడని మీటరాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అంటే ఈవిడ నీకు కరెంటు అమ్ముతోంది" అన్నాడు ఇంజినీరు.

"అమ్ముడు గాదు సారూ, నేనే కడుతున్న."

"లైసెన్సు లేకుండా కరెంటు అమ్మడం నేరం. సాక్ష్యం నువ్వే రాసిపెట్టావు."

సైదమ్మ గుండె బాదుకుంది. "ఓ నాయనో! నేను మజ్జిగ తప్ప ఇంకేం అమ్మలే సారూ!"

ఊరంతా దొంగ కరెంటు వాడుకున్నారు, ఒక్కరూ దొరకలేదు. పైసా పైసా కట్టినవాడు దొరికిపోయాడు. ఇంజినీరు అక్కడే కూర్చుని పంచనామా రాశాడు. లేచి, నావైపు తిరిగి, "సర్వీసు కోసెయ్యి" అన్నాడు.

అది పద్దెనిమిదో రోజు. పెట్టెలో నూట ఎనభై గుడ్లున్నాయి. ఒక్కో గుడ్డు మీద ఒక్కో ఇంటి గుర్తు, బొగ్గుతో గీతో, చుక్కో. ఇంకో మూడు రోజుల్లో పిల్లలు లేవాలి. వేడి ఆగితే ఆ ప్రాణాలు పోవడమే కాదు, మళ్ళీ ఈ దారిలో ఏ ఇల్లాలూ ఆయన చేతికి గుడ్డివ్వదు. వ్యాను తప్ప ఇంకో ఇల్లు లేదు వాళ్ళకు. ఇంజినీరుకు ఆ మాట చెప్పాను. "రూలు రూలే" అన్నాడు.

స్తంభమెక్కి తీగ కోశాను. నా చేతులతో నేనే కోశాను. పై నుంచి చూస్తే మీటరాయన తన మీటరు ముందు వంగి ఉన్నాడు. లోపలి చక్రం ఆగిపోయి ఉంటుంది. చెవి మీది పెన్సిలు మాత్రం తీయలేదు.

జీపు పోయాక దిగివచ్చి, "అన్నా, మూడు రోజులు నేనే కొండి వేస్తా. ఎవడడుగుతాడో చూస్తా" అన్నాను.

"వద్దు తమ్మీ."

"లోపల నూట ఎనభై ప్రాణాలుంటే ఇంకా ఆ కూతల గొడవేనా మీకు?" అని ఆయన భార్య అరిచింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు. ఆయన తల పట్టుకుని వ్యాను మెట్టు మీద కూలబడ్డాడు. అప్పటికి రెండు లాంతర్లు వెలిగించి పెట్టె కింద పెట్టారు. అది గంట రెండు గంటలకైతే సరే. ఒక మూల మాడిపోతుంటే ఒక మూల చల్లారుతోంది. మూడు రోజులు దాంతో గట్టెక్కేది కాదు.

అప్పుడు సైదమ్మ నోరు తెరిచింది. జరిమానా పడబోయేది ఆమెకు. ఆ బెంగలోనే ఆయన్ను కసిరింది.

"నీ తెలివి సల్లగుండ! కరెంటు రాకముందు నీ అమ్మమ్మ పిల్లలనెట్ల లేపిందిరా? ఊళ్ళె కోళ్ళు సచ్చినయా?"

ఆయన తలెత్తి ఆమెను చూశాడు, నేనూ చూశాను. తర్వాత సైకిలెక్కాను.

నడుముకు కటింగ్ ప్లేయరు, హ్యాండిలుకు రెండు గంపలు. పొదుగు మీదున్న కోడి ఎక్కడుందా అని మునగాల గడప గడపా తిరిగాను. "ఏం సారూ, మీటర్లిడిసి కోళ్ళు సదువుతున్నవా?" అని ఎకసెక్కాలాడినవాళ్ళే, సంగతి తెలిశాక తమ కోడిని తెచ్చి గంప కింద మూసిపెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళు కూడా తిరిగి, పొద్దు వాలేసరికి పద్నాలుగు కోళ్ళు పోగేశాను. ఒక నల్లకోడి దారి పొడుగునా నా చెయ్యి పొడిచింది. ఆ మచ్చ ఇంకా ఉంది.

వ్యానుకు గోనెపట్టాలు కట్టి చీకటి చేసి, ఒక్కో కోడి కింద పన్నెండో పదమూడో గుడ్లు సర్దాం. రెండు మూడు కోళ్ళు అలిగి లేచిపోయాయి. ఆయన వాటి ముందు గొంతుక్కూర్చుని, "తల్లీ, నీ పని నేను గుంజుకున్న మాట నిజమే. ఈ ఒక్కసారి మాఫ్ చెయ్యి" అని బతిమాలాడు. అవీ కూర్చున్నాయి. కూర్చోగానే ఏం చేశాడనుకున్నారు? చెవి మీది పెన్సిలు తీశాడు! ఏ ఇంటి కోడి ఎప్పుడు కూర్చుందో రాసుకోవడం మొదలెట్టాడు. కోడికి పూటకు ఒక గిద్దెడు జొన్నలు కిరాయట.

"కోళ్ళకు గూడ మీటరుంటే మంచిగుండు తమ్మీ" అన్నాడు. తీగ కోసిన తర్వాత మొదటిసారి పగలబడి నవ్వాను.

మూడో రోజు పొద్దున వ్యాను కిచకిచలాడింది. ఆడవాళ్ళంతా గంపలతో వచ్చి కూర్చున్నారు. అదే సమయానికి ఇంజినీరు జీపు మళ్ళీ వచ్చి ఆగింది. పంచనామాకు జతచేయడానికి ఆయనకు ఆ నోటుబుక్కు కావాలట. మీటరాయన తెచ్చి ఇచ్చేశాడు. ఇంజినీరు చివరి పేజీ తిప్పి, ఒక చోట ఆగిపోయాడు. మళ్ళీ చదివాడు. నేను భుజం మీది నుంచి తొంగి చూశాను.

"స్క్వాడు సారు ఫ్యాను కింద కూసున్నది పదకొండు నుంచి పదకొండున్నర. సర్కారు పని మీద వచ్చిండు గాబట్టి ఆయనను అడుగలే. నా లెక్కల రాసుకున్న."

ఇంజినీరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ముందు చిన్నగా మొదలైంది ఆయన నవ్వు. తర్వాత ఎంత గట్టిగా నవ్వాడంటే నల్లకోడి బెదిరి గుడ్ల మీంచి లేచింది. "సార్, కోడి!" అని పదిమంది ఆడవాళ్ళు ఒక్కసారే కసిరేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఈ ముసలావిడకు దీంట్లో లాభమెంత?" అని అడిగాడు.

"నయాపైస లేదు సారూ. బిల్లుల ఎంత వడ్డదో అంతే ఇచ్చిన. గందులనే ఉన్నది సూడుండ్రి."

"లాభం లేనప్పుడు అమ్మకమేంటి?" అన్నాడు ఇంజినీరు, తనలో తాను అనుకున్నట్టు. పంచనామా కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. మా గుమస్తాను పిలిపించి తాత్కాలిక కనెక్షన్ ఫారం తెప్పించాడు. ఇంటి నంబరు అన్న గడి దగ్గర పెన్ను ఆపి, "ముందుది రాయనా, వెనకది రాయనా?" అన్నాడు.

"రెండూ ఒకటే సారూ" అన్నాడు మీటరాయన ఎంతో వినయంగా.

ఆ సాయంత్రానికల్లా నూట నలభైకి పైగా పిల్లలు లేచాయి. ఒక ఇల్లాలివి ఆరు గుడ్లుంటే ఆరూ మురిగిపోయాయి. ఆమె ఖాళీ గంపతో లేచి నిలబడింది. ఆయన తన కూలి పిల్లల్లోంచి ఆరు తీసి ఆ గంపలో వేశాడు. అది మాత్రం నోటుబుక్కులో రాయడం నేను చూడలేదు.

తొంభైల్లో ఊరూరా కోళ్ళఫారాలొచ్చాయి. నాటుగుడ్లు పొదిగించుకునేవాళ్ళు తగ్గిపోయారు. వ్యాను అమ్మి, త్రిపురారంలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారని విన్నాను. పోదాం పోదాం అనుకుంటూనే ఏళ్ళు గడిచాయి. కార్డొచ్చాక మిర్యాలగూడలో బస్సు మారి వెళ్ళాను.

గుమ్మం పక్కన గోడకు మీటరు. దానికి బొట్టు పెట్టి ఉంది. పక్కనే మేకుకు ఆయన మోసుకు తిరిగిన మీటరు చెక్కపెట్టె వేలాడుతోంది. ఆమె నన్ను చూసి కాసేపు ఏడ్చింది. తర్వాత చాయ్ పెట్టి, ఫ్యాను వేసి, ఎదురుగా కూర్చుంది.

"పోయే రోజు పొద్దున కూడా రీడింగు అడిగారన్నయ్యా. చూసొచ్చి చెప్పాను. 'ఎక్కువైంది, బుగ్గ బంద్ జెయ్యి' అన్నారు. పట్టపగలు! వెలగని బల్బును ఎలా ఆర్పేది? సరే ఆర్పానులే అన్నాను. అప్పుడు కళ్ళు మూసుకున్నారు."

చెబుతూ చెబుతూ తనే నవ్వేసింది. నేనూ నవ్వాను. సైదమ్మ అంకెలు, నల్లకోడి, గుమస్తా ముఖం, అన్నీ తవ్వుకుంటూ కూర్చుంటే రెండు గంటలు గడిచిపోయాయి. బస్సు టైమైంది. ఆమె లోపలికి వెళ్ళినప్పుడు జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి గ్లాసు కింద పెట్టి లేచాను.

గేటు దాటకముందే వెనక నుంచి పిలుపు. "అన్నయ్యా, ఆగండి."

నా భార్యలాగే ఈవిడా తిట్టడానికి వస్తోందనుకున్నాను. దగ్గరికొచ్చి గుప్పిట తెరిచింది. మూడు పావలా బిళ్ళలు.

"ఆ ఫ్యానుకు రెండు గంటలకి పావలా చాలు. ముప్పావలా మీది. ఎక్కువ తీసుకున్నానని తెలిస్తే ఆయన ఊరుకోరు."

"మరి చాయ్‌కో?" అన్నాను.

"చాయ్ నా ప్రేమ అన్నయ్యా" అంది.

ముప్పావలా తీసుకున్నాను.